"ఐ వాజ్ సెడ్ టు వెయిట్" ఎందుకు తప్పు? పాసివ్ తర్వాత వచ్చే "టు" సంగతి

మీ సందేహం ఇది: "హి ఈజ్ సెడ్ టు బి ఎ గుడ్ సింగర్" ఒప్పు అయినప్పుడు, నన్ను ఆగమని చెప్పారు అనే అర్థంలో "ఐ వాజ్ సెడ్ టు వెయిట్" అని రాస్తే ఎందుకు కొట్టేశారు? రెండింట్లోనూ "సెడ్" ఉంది, దాని వెనుక "టు" ఉంది. ఇక రెండో ప్రశ్న, "టు డూ" ఎక్కడ రాయాలి, "టు బి డన్" ఎక్కడ రాయాలి అని. చాలా ఏళ్లుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను. చదువుకున్నవాళ్లు, ఉద్యోగంలో రోజూ ఇంగ్లీషు రాసేవాళ్లు కూడా తడబడే చోటు ఇదే. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, మీరు రాసిన వాక్యంలో వ్యాకరణం చెడలేదు. అర్థమే మారిపోయింది. "ఐ వాజ్ సెడ్ టు వెయిట్" అంటే ఇంగ్లీషువాళ్లకు వినిపించేది, "నేను ఎదురుచూస్తుంటానని నా గురించి జనం అనుకునేవారు" అని. మీకు ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు ఆ వాక్యంలో ఎక్కడా లేదు. మీకు కావలసింది "ఐ వాజ్ టోల్డ్ టు వెయిట్". తెలుగులో "చెప్పారు" అనే ఒక్క మాటతో రెండు పనులూ జరిగిపోతాయి. "ఆగమని చెప్పారు" అంటాం, "ఆగాడని చెప్పారు" అంటాం. మొదటిది పురమాయింపు, రెండోది సమాచారం. మనకు ఆ తేడాను "ఆగమని", "ఆగాడని" అనే రూపాలు చూపిస్తాయి. ఇంగ్లీషు పాసివ్‌లో ఆ పని క్రియ చేయాలి. పురమాయింపుకు "టెల్", సమాచారానికి "సే".

ఇక్కడే నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పాలి. బడిలో మనకు పాసివ్ అనగానే "బడు" నేర్పుతారు: చెప్పబడెను, చేయబడెను, అనుమతించబడెను. పాసివ్ తర్వాత "టు" వచ్చే వాక్యాలకు ఈ "బడు" ఏమాత్రం సాయం చేయదు, పైగా దారి తప్పిస్తుంది. "అతను మంచి గాయకుడని చెప్పబడ్డాడు" అని తెలుగులో ఎవరంటారు? "మంచి గాయకుడట" అంటాం. "నేను ఆగమని చెప్పబడ్డాను" అనం, "నన్ను ఆగమన్నారు" అంటాం. "లోపలికి వెళ్లనిచ్చారు", "క్షమాపణ చెప్పించారు" అంటాం. అంటే ఇంగ్లీషులో పాసివ్, ఇన్ఫినిటివ్ ("టు"తో వచ్చే క్రియారూపం) కలిసి చేసే పనిని మన భాషలో నాలుగు మామూలు రూపాలు చేస్తున్నాయి: "మన్నారు", "నిచ్చారు", "ఇంచారు", చివర చేరే "ట". మీ మనసులో వచ్చిన తెలుగు వాక్యం ఈ నాలుగింటిలో దేనితో ముగుస్తోందో చూసుకుంటే, ఏ ఇంగ్లీషు క్రియ వాడాలో చాలావరకు తేలిపోతుంది.

"మన్నారు" అయితే "వాజ్ టోల్డ్ టు", "వాజ్ ఆస్క్డ్ టు", "వాజ్ అడ్వైజ్డ్ టు", "వాజ్ ఇన్వైటెడ్ టు". రమ్మన్నారు, కూర్చోమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. వీటిలో "టోల్డ్" కాస్త ఆజ్ఞలా ఉంటుంది, "ఆస్క్డ్" మర్యాదగా అడిగినట్టు ఉంటుంది. పై అధికారి గురించి మెయిల్‌లో రాసేటప్పుడు "ఐ వాజ్ ఆస్క్డ్ టు సెండ్ ది రిపోర్ట్" అంటే ఎవరికీ గుచ్చుకోదు. ప్రకటనల్లో వినబడే "ప్యాసింజర్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు" కూడా ఈ కుటుంబంలోదే.

ఏ క్రియ ఈ గుంపులోకి వస్తుందో తెలుసుకోవడానికి వాక్యాన్ని యాక్టివ్‌లోకి తిప్పి చూడండి. "దే టోల్డ్ మి టు వెయిట్" కుదిరింది కాబట్టి "ఐ వాజ్ టోల్డ్ టు వెయిట్" కూడా కుదురుతుంది. "దే సెడ్ మి టు వెయిట్" కుదరదు. అందుకే పాసివ్‌లో ఆ అర్థం రాదు. ఇదే పరీక్ష "సజెస్ట్"కు పెట్టండి. "దే సజెస్టెడ్ మి టు టేక్ రెస్ట్" తప్పు. కాబట్టి "ఐ వాజ్ సజెస్టెడ్ టు టేక్ రెస్ట్" కూడా తప్పే. ఈ తప్పు నాకు ఎన్ని ఉత్తరాల్లో, ఎన్ని దరఖాస్తుల్లో కనబడుతుందో చెప్పలేను. "ఐ వాజ్ అడ్వైజ్డ్ టు టేక్ రెస్ట్" అంటే సరిపోతుంది. "ఎక్స్‌ప్లెయిన్" సంగతి కూడా ఇంతే. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు ఫిల్ ది ఫారం" అని రాయకండి, "ఐ వాజ్ షోన్ హౌ టు ఫిల్ ది ఫారం" అనండి.

ఈ పరీక్షకు లొంగని క్రియలు రెండు రకాలున్నాయి. ఒకటి "వాంట్". "దే వాంటెడ్ మి టు కమ్" చక్కని ఇంగ్లీషే. కానీ "ఐ వాజ్ వాంటెడ్ టు కమ్" అని ఎవరూ అనరు. ఇష్టాయిష్టాలు చెప్పే "లైక్", "ప్రిఫర్" లాంటివి కూడా ఈ పాసివ్‌లోకి రావు. అక్కడ యాక్టివ్‌లోనే ఉండిపోవాలి. రెండోది "ప్రామిస్". "దే ప్రామిస్డ్ మి టు కమ్" అంటే వచ్చేది వాళ్లు, నేను కాదు. "టోల్డ్", "ఆస్క్డ్" వాక్యాల్లో "టు" తర్వాతి పని చేయవలసింది ఎవరికి చెప్పారో ఆ మనిషి. "ప్రామిస్"లో పని చేయవలసింది మాట ఇచ్చినవాడు. పాసివ్ చేస్తే ఆ మాట ఇచ్చినవాడు వాక్యంలోంచి మాయమైపోతాడు, "టు" వెనుక ఉన్న పనికి దిక్కుండదు. అందుకే "ఐ వాజ్ ప్రామిస్డ్ టు గెట్ ఎ జాబ్" కుదరదు. "ఐ వాజ్ ప్రామిస్డ్ ఎ జాబ్" కుదురుతుంది.

"నిచ్చారు" దగ్గరికి వస్తే "వాజ్ అలౌడ్ టు". ఇక్కడ ఒక చిక్కుంది. ఇంగ్లీషులో "లెట్" అనే చిన్న మాట ఉంది, "దే లెట్ మి గో ఇన్" అంటారు. దాన్ని పాసివ్‌లోకి తిప్పి "ఐ వాజ్ లెట్ టు గో ఇన్" అనడానికి లేదు. పాసివ్ కావాలంటే "అలౌ"కు మారిపోవాలి: "ఐ వాజ్ అలౌడ్ టు గో ఇన్". "హి వాజ్ లెట్ గో" అనే మాట వినే ఉంటారు. అది విడిచిపెట్టారని, లేదా ఉద్యోగంలోంచి తీసేశారని చెప్పే స్థిరపడిన పలుకుబడి, ఆ అచ్చులో కొత్త వాక్యాలు పోసుకోలేం. "అలౌ"తో ఇంకో జాగ్రత్త: "ఇట్ ఈజ్ నాట్ అలౌడ్ టు పార్క్ హియర్" అని రాస్తుంటారు. అనుమతి ఉండేది, లేకపోయేది మనుషులకు, లేదా పనికి. "యు ఆర్ నాట్ అలౌడ్ టు పార్క్ హియర్" అనండి, లేదా "పార్కింగ్ ఈజ్ నాట్ అలౌడ్ హియర్" అనండి.

"ఇంచారు" వాక్యాలకు "వాజ్ మేడ్ టు". "నాచేత క్షమాపణ చెప్పించారు" అంటే "ఐ వాజ్ మేడ్ టు అపాలజైజ్". యాక్టివ్‌లో "దే మేడ్ మి అపాలజైజ్" అంటాం, అక్కడ "టు" లేదు. పాసివ్‌లోకి రాగానే ఎక్కడినుంచో "టు" ఊడిపడుతుంది. నిజానికి అది కొత్తగా వచ్చింది కాదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ అనువాదం తెరిస్తే యాక్టివ్‌లో కూడా "మేక్" తర్వాత "టు" కనబడుతుంది. కాలక్రమంలో యాక్టివ్ దాన్ని వదిలేసుకుంది, పాసివ్ పట్టుకుని ఉంది. చూడడం, వినడం కూడా ఇదే తీరు. "ఐ సా హిమ్ ఎంటర్" అంటారు, కానీ "హి వాజ్ సీన్ టు ఎంటర్". "హెల్ప్"కు యాక్టివ్‌లో "టు" ఉన్నా లేకున్నా చెల్లుతుంది, పాసివ్‌లో మాత్రం ఉండాలి.

"మేడ్ టు"లో సాధారణంగా బలవంతం ధ్వనిస్తుంది. ఇష్టం లేకపోయినా చేయించారన్నమాట. అందుకని "ది స్టూడెంట్స్ వర్ మేడ్ టు అండర్‌స్టాండ్ ది లెసన్" అని పొగడ్తగా రాస్తే, మెడలు వంచి అర్థం చేయించినట్టు ఉంటుంది. "వర్ హెల్ప్‌డ్ టు అండర్‌స్టాండ్" అంటే మీ ఉద్దేశం నెరవేరుతుంది. "ఫీల్" వస్తే మాత్రం ఈ బలవంతం కరిగిపోతుంది. "వుయ్ వర్ మేడ్ టు ఫీల్ వెల్‌కమ్" అంటే మాకు పరాయితనం అనిపించకుండా చూసుకున్నారని మెచ్చుకోవడమే.

"సీన్ టు ఎంటర్", "సీన్ ఎంటరింగ్" రెండూ ఉన్నాయి, ఒకటి కాదు. మొదటిది లోపలికి వెళ్లడం పూర్తిగా చూశామని చెబుతుంది. సాక్షి వాంగ్మూలంలో, నివేదికలో ఉండవలసిన మాట. రెండోది వెళ్తూ ఉండగా కంటపడ్డాడని. మాటల్లో రెండోదే ఎక్కువ. ఈ "సీన్ టు" రూపానికి న్యాయస్థానంలోంచి వచ్చిన ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి లార్డ్ హ్యూవర్ట్ ఇచ్చిన, 1924 లా రిపోర్టులకెక్కిన ఒక తీర్పులో, న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు స్పష్టంగా కనిపించాలి కూడా అన్నాడు. అందులోని "సీన్ టు బి డన్" అనే నాలుగు మాటలు విప్పి చూడండి: "సీన్" ఒక పాసివ్, "టు బి డన్" ఇంకో పాసివ్. చూసేది జనం, చేసేది న్యాయస్థానం. ఇద్దరి పేర్లూ ఎత్తకుండానే ఇద్దరూ వాక్యంలో ఉన్నారు. పాసివ్‌కు ఇన్ఫినిటివ్ తోడైతే ఎంత పొదుపుగా మాట్లాడవచ్చో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక "ట" కుటుంబం. అన్నిటికంటే ఆసక్తికరమైనది, ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇదే. బాగా పాడతాడట, డబ్బున్నవాడట, ఊరు వదిలి వెళ్లిపోయాడట. "ఈజ్ సెడ్ టు", "ఈజ్ బిలీవ్డ్ టు", "ఈజ్ థాట్ టు", "ఈజ్ నోన్ టు", "ఈజ్ రిపోర్టెడ్ టు", వార్తల్లో "ఈజ్ అలెజ్డ్ టు". వీటిలో "సే"కు ఒక విచిత్రం ఉంది. "దే సే హిమ్ టు బి రిచ్" అనే యాక్టివ్ వాక్యం ఇంగ్లీషులో లేదు. అయినా "హి ఈజ్ సెడ్ టు బి రిచ్" ఉంది. "రూమర్" కూడా అంతే, ఈ అర్థంలో అది పాసివ్‌లోనే బతుకుతుంది. ఇందాకటి యాక్టివ్ పరీక్ష ఈ కుటుంబానికి పనికిరాదని దీన్నిబట్టి గుర్తుంచుకోండి. ఇక్కడ పనికొచ్చేది వేరే పరీక్ష: "ఇట్ ఈజ్ సెడ్ దట్ హి ఈజ్ రిచ్" అని విప్పగలిగితే చాలు.

ఈ వాక్యాల్లో కాలం రెండు చోట్ల ఉంటుంది. అనుకోవడం ఎప్పుడు అన్నది మొదటి క్రియ చెబుతుంది, జరగడం ఎప్పుడు అన్నది "టు" వెనుక ఉన్న రూపం చెబుతుంది. షేక్‌స్పియర్‌నే తీసుకోండి. 1564 ఏప్రిల్ 26న ఆయనకు బాప్టిజం ఇచ్చినట్టు చర్చి రికార్డులో ఉంది. పుట్టిన రోజు మాత్రం ఎక్కడా రాసిలేదు, ఏప్రిల్ 23 అని సంప్రదాయంగా అనుకుంటారు. కాబట్టి ఇంగ్లీషులో "షేక్‌స్పియర్ ఈజ్ బిలీవ్డ్ టు హ్యావ్ బీన్ బార్న్ ఆన్ ఏప్రిల్ 23" అని రాస్తారు. అనుకుంటున్నది ఇప్పుడు, అందుకే "ఈజ్". పుట్టింది ఎప్పుడో, అందుకే "టు హ్యావ్ బీన్". బాప్టిజం గురించి రాసేటప్పుడు ఈ తంటా ఏదీ లేదు, సూటిగా "వాజ్ బాప్టైజ్డ్" అంటే చాలు, ఎందుకంటే దానికి రికార్డు ఉంది. ప్లూటో దీనికి తిరగేసిన కథ. "ప్లూటో వాజ్ కన్సిడర్డ్ టు బి ఎ ప్లానెట్ అంటిల్ 2006." అనుకోవడమే 2006తో ఆగిపోయింది, అందుకని "వాజ్". ఆ రోజుల్లో అది గ్రహమన్నది ఆ రోజుల మాటే కాబట్టి వెనుక ఉత్త "టు బి". ఇక విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు అనేది ఇప్పటి అంచనా, ఇప్పటి వయసు. రెండూ ఇప్పటివే కాబట్టి "ది యూనివర్స్ ఈజ్ థాట్ టు బి". జరుగుతూ ఉన్న పనికి "టు బి" తర్వాత "ఇంగ్" చేరుతుంది: "హి ఈజ్ సెడ్ టు బి రైటింగ్ ఎ నావెల్", నవల రాస్తున్నాడట.

మన విద్యార్థులు ఇక్కడ చేసే పొరపాటు దాదాపు ఒక్కటే. "హి ఈజ్ సెడ్ టు లీవ్ ది సిటీ" అని రాసి, "ఊరు వదిలి వెళ్లాడట" అని అనుకుంటారు. గతంలో జరిగిపోయినదానికి "టు హ్యావ్ లెఫ్ట్" తప్పనిసరి.

రోజువారీ మాటల్లో "ఈజ్ సెడ్ టు" అంతగా వినబడదు. అది పత్రికల భాష, పుస్తకాల భాష. స్నేహితుడితో మాట్లాడుతూ "ది ఫిల్మ్ ఈజ్ సెడ్ టు బి గుడ్" అంటే వార్తలు చదివినట్టుంటుంది. ఆ చోట వినిపించేది "ఈజ్ సపోజ్డ్ టు". "ది ఫిల్మ్ ఈజ్ సపోజ్డ్ టు బి గుడ్" అంటే బాగుందట. అదే మాట ఇంకో చోట మన "ఉండాలి", "చేయాలి"లలోని "ఆలి" అవుతుంది: "ఐ యామ్ సపోజ్డ్ టు బి దేర్ ఎట్ నైన్", తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి. గతంలోకి నెడితే జరగలేదనే ధ్వని వస్తుంది: "హి వాజ్ సపోజ్డ్ టు కాల్", ఫోన్ చేయాల్సింది, చేయలేదు. "నాట్" చేరితే కూడదని చెప్పడమే: "యు ఆర్ నాట్ సపోజ్డ్ టు టచ్ ఇట్", దాన్ని ముట్టుకోకూడదు. మాటల్లో "సపోజ్డ్" చివరి "డ్" విడిగా వినబడదు, "సపోస్టు" అన్నట్టు ఒకే ఊపులో వెళ్లిపోతుంది. చెవికి వినబడలేదని రాతలో "డి" అక్షరం వదిలేయకండి. సినిమాలు, సీరియళ్లు విని ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లలో ఈ లోపం ఎక్కువ.

ఇప్పుడు రెండో సందేహం, "టు డూ", "టు బి డన్". కర్త పని చేసేదైతే "టు డూ", పని తన మీద జరిగేదైతే "టు బి డన్". ఇంతవరకు అందరికీ తెలుసు. "ది రూమ్ నీడ్స్ టు బి క్లీన్డ్" ఎందుకంటే గది తనను తాను ఊడ్చుకోదు. "నీడ్స్ క్లీనింగ్" అన్నా అదే అర్థం. "ది మీటింగ్ ఈజ్ టు బి హెల్డ్ ఆన్ మండే" నోటీసుల మాట. పత్రికల శీర్షికల్లో అందులోని "ఈజ్" తీసేస్తారు.

చిక్కంతా "ఈజీ", "డిఫికల్ట్" లాంటి మాటల తర్వాత వస్తుంది. "దిస్ బుక్ ఈజ్ ఈజీ టు బి రెడ్" అని రాస్తారు, చదవబడేది పుస్తకమే కదా అనే తర్కంతో. తర్కం బాగానే ఉంది, వాడుక ఒప్పుకోదు. "ఈజీ టు రీడ్", "డిఫికల్ట్ టు అండర్‌స్టాండ్", "హార్డ్ టు ఫైండ్". ఈ విశేషణాల వెనుక పాసివ్ వద్దు. మనం కూడా "చదవడానికి తేలిక" అంటాం, "చదవబడడానికి తేలిక" అనం కదా. ఎవరిది తప్పు అనే చోట "హి ఈజ్ టు బ్లేమ్" అన్నది కూడా చూడడానికి యాక్టివ్, అర్థంలో పాసివ్. అది అలాగే స్థిరపడింది.

"దేర్ ఈజ్ నథింగ్ టు డూ", "దేర్ ఈజ్ నథింగ్ టు బి డన్" రెండూ సరైనవే, కానీ ఒకదాని చోట మరొకటి వాడకూడదు. మొదటిది ఊసుపోవడం లేదని. రెండోది ఇక చేయగలిగింది ఏమీ లేదని. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఈ రెంటినీ తారుమారు చేస్తే ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

రెండు పాసివ్‌లు పక్కపక్కన పెట్టవచ్చా అని కూడా మీకు అనుమానం రావచ్చు. పెట్టవచ్చు, కానీ అన్ని చోట్లా కాదు. "ది బ్రిడ్జ్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి కంప్లీటెడ్ సూన్" బాగుంది. "ది బ్రిడ్జ్ వాజ్ అటెంప్టెడ్ టు బి కంప్లీటెడ్" బాగాలేదు. "ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్" అని మొదటిదాన్ని విప్పవచ్చు. రెండోదాన్ని అలా విప్పలేం, ఎందుకంటే ప్రయత్నం చేసేది మనుషులు, వంతెన గురించి జనం "ప్రయత్నించుకోరు". 1926లో ఫౌలర్ తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ఈ జంట పాసివ్‌ను ప్రత్యేకంగా ఎత్తిచూపి, వద్దన్నాడు. అయినా ఆఫీసు ఉత్తరాల్లో "ది ఇష్యూ వాజ్ ట్రైడ్ టు బి సాల్వ్‌డ్" లాంటివి ఇప్పటికీ కనబడతాయి. "వుయ్ ట్రైడ్ టు సాల్వ్ ది ఇష్యూ" అని రాయడానికి జంకనక్కరలేదు. "వుయ్" అంటే మర్యాద తగ్గుతుందనే భయంతోనే చాలామంది ఈ ఊబిలో దిగుతారు. మర్యాద ఏమీ తగ్గదు, పైగా ఎవరు ప్రయత్నించారో తెలుస్తుంది.

"నాట్" ఎక్కడ పెట్టాలన్నది మీరు అడగలేదు, కానీ దీనివల్ల పనులు చెడిపోతాయి కాబట్టి చెబుతాను. "ఐ వాజ్ టోల్డ్ నాట్ టు కమ్" అంటే నన్ను రావద్దన్నారు. "ఐ వాజ్ నాట్ టోల్డ్ టు కమ్" అంటే రమ్మని నాకు చెప్పలేదు. మొదటిదాంట్లో నిషేధం ఉంది, రెండోదాంట్లో ఎవరూ ఏమీ అనలేదు. హాజరు కాకపోవడానికి సంజాయిషీ రాసేటప్పుడు ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో ఆలోచించండి. "ఈజ్ నోన్" విషయంలో ఇంకా సున్నితం. "హి ఈజ్ నాట్ నోన్ టు హ్యావ్ పెయిడ్" అంటే కట్టినట్టు సమాచారం లేదు, కట్టి ఉండవచ్చు కూడా. "హి ఈజ్ నోన్ నాట్ టు హ్యావ్ పెయిడ్" అంటే కట్టలేదని తెలుసు. "ఎక్స్‌పెక్టెడ్"లో మాత్రం ఈ తేడా దాదాపు కలిసిపోతుంది. "హి ఈజ్ నాట్ ఎక్స్‌పెక్టెడ్ టు కమ్" అంటే రాడనే అనుకుంటున్నారని అర్థం.

చివరగా, పాసివ్‌లా కనబడి మోసం చేసే "యూజ్డ్ టు". "ది నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ పేపర్" నిజమైన పాసివ్, కత్తిని కాగితం కోయడానికి వాడతారు. ఇక్కడ "యూజ్డ్"లో "జ్" స్పష్టంగా పలుకుతారు. "హి యూస్డ్ టు కట్ పేపర్" అంటే ఒకప్పుడు కోసేవాడు. "హి ఈజ్ యూస్డ్ టు కటింగ్ పేపర్" అంటే కోయడం అలవాటైపోయింది. ఈ రెండింటిలోనూ "స్" ధ్వని, "యూస్టు" అన్నట్టు కలిపి పలుకుతారు. రాతలో మూడింటి స్పెల్లింగూ ఒక్కటే. రాసినదాన్ని పైకి చదివి, "జ్" పలికే చోట కర్త ఒక వస్తువో పద్ధతో అయి ఉండాలని, "ఈజ్" ఉండి "స్" పలికే చోట వెనుక "ఇంగ్" ఉండాలని సరిచూసుకోండి.